నీళ్ళు తాగే ఇంజను

ఆ అమ్మాయి మొదటిసారి నా రైలెక్కింది తిరగడానికి కాదు, నా మీద తప్పు పట్టడానికి.

పిల్లల పార్కులో బుల్లి రైలు నడుపుతాను నేను. ఆరు పెట్టెలు, ముందు ఎర్ర ఇంజను, దానికి పెద్ద పెద్ద కళ్ళు, చెవుల దాకా సాగిన నవ్వు. కొలను చుట్టూ తిరిగి, సిమెంటు కొండ కింద సొరంగంలో దూరి, మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తుంది. రౌండుకు నాలుగు నిమిషాలు. నాకు ఆ నాలుగు నిమిషాలు కూర్చోవడమే కష్టం. కుదురనేది నాకు పుట్టుకతో రాలేదు. పార్కులో అందరూ నన్ను బొంగరం అంటారు. ఇంట్లో మా అమ్మ అనేవి ఇక్కడ రాయలేను.

ఆ రోజు పదకొండున్నర అవుతోంది. ఎండ మొహాన కొడుతోంది. క్యూలో పిల్లలు, పిల్లల వెనక చమటలు కక్కుతున్న పెద్దలు. అంతలో తెల్ల కోటు వేసుకున్న ఓ అమ్మాయి, చేతిలో నీలం ఐసు డబ్బాతో క్యూ పక్కనుంచి తిన్నగా వచ్చేసింది. మొదటి పెట్టె ఎక్కి, సీటు మీద అరచేతి వెనక వైపు ఆనించి, పైకే లెక్కపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు..." చెయ్యి తీసేసింది. "రైలు ఆపండి."

"ఇంకా బయల్దేరలేదండీ," అన్నాను.

"అయితే బయల్దేరకండి. ఐదు లెక్కపెట్టేదాకా నా చెయ్యే ఓర్చుకోలేదు. చిన్న చిన్న నిక్కర్లు వేసుకున్న పిల్లల్ని దీని మీద ఎలా కూర్చోబెడతారు?"

"మీరెవరో..."

"ఫస్ట్ ఎయిడ్ గదికి కొత్తగా వచ్చిన నర్సుని."

"చూడండి నర్సుగారూ, రైలు ఆగితే ఈ పిల్లలందరూ ఏడుస్తారు."

"నడిస్తే నా దగ్గరికొచ్చి ఏడుస్తారు."

క్యూలో ఒకాయన నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె అదేమీ పట్టించుకోకుండా డబ్బాలోంచి తడి గుడ్డలు తీసి నా చేతిలో పెట్టింది. "తుడవండి. అటు మూడు పెట్టెలు మీరు, ఇటు మూడు నేను."

తుడిచాను. ఎందుకు తుడిచానో నాకిప్పటికీ తెలీదు.

వారం తిరక్కుండా ఆమె పార్కునంతా తన చేతిలోకి తీసుకుంది. జారుడుబల్లల మీద పందిరి వేయించింది. పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో ఉండే ఆటలు మూయించింది. మా సూపర్‌వైజర్ గారు పళ్ళు నూరుకున్నారు గానీ, అంతకుముందు నెలలో ఒక బాబు క్యూలో కళ్ళు తిరిగి పడిపోయాడు కాబట్టి ఆమె మాట కాదనలేకపోయారు. నా రైలు దారిలో చెట్లున్నాయని, సొరంగం ఉందని దాన్నొక్కదాన్నీ వదిలింది. దానికీ ఒక షరతు పెట్టింది.

గేటు దగ్గర ప్రతి పిల్లకీ ముంజేతికి కాగితం పట్టీ కడతాం. "రైలెక్కే ముందు ప్రతి ఒక్కరూ అరగ్లాసు నీళ్ళు తాగాలి. తాగాక పట్టీ మీద నీలం చుక్క పెట్టాలి. కొత్త చుక్క లేకపోతే రైలు లేదు," అంటూ కోటు జేబులోంచి ఒక పెన్ను తీసి నాకిచ్చింది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. నోట్లో పోసుకోగానే కాదు, మింగాకే చుక్క. పిల్లలు నా గదికి వస్తే నేను మొదట చూసేది ఆ పట్టీనే. ఎన్ని నీళ్ళు పడ్డాయో దాన్ని బట్టే వైద్యం."

"మింగారో లేదో నాకెలా తెలుస్తుంది?"

"నోరు తెరవమనండి. ఆ అనమనండి."

అవసరమే అని ఆ రోజే తేలిపోయింది. ఒక బుడ్డోడు బుగ్గల్లో నీళ్ళు దాచుకుని, చుక్క పెట్టించుకుని, వెళ్తూ వెళ్తూ నా చొక్కా మీద ఊసేసి పోయాడు. ఆమె దూరం నుంచి చూసింది. నవ్వకుండా ఉండటానికి ఐసు డబ్బాలో తల పెట్టేసింది.

అక్కణ్ణుంచి నా పని పాడైంది.

గంటకోసారి ఆమె తడి గుడ్డలు తెచ్చేది. ఆమె వచ్చే దారి నాకు ఇంజనులోంచి కనిపిస్తుంది. పావుగంట ముందు నుంచే నా మెడ అటు తిరిగేది. కాసేపు ఆలస్యమైతే ఆ పెన్ను మూత కొరుకుతూ కాలు గాలిన పిల్లిలా ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ తిరిగేవాణ్ణి. తీరా వచ్చాక మాత్రం ఏదో ఒక గొడవ పెట్టుకునేవాణ్ణి.

ఒకసారి ఒక తల్లి పసిపిల్ల బండి మీద మందపాటి దుప్పటి కప్పి నిలబడింది. "చూశారా, ఎంత జాగ్రత్తో. నీడ పట్టింది," అన్నాను గొప్పగా.

ఆమె గబగబా వెళ్ళి దుప్పటి తీసేసి, ఆ తల్లి చెయ్యి పట్టుకుని లోపల పెట్టించింది. ఆ తల్లి మొహం పాలిపోయింది. లోపల అంత ఉడుకుతోంది. "గాలి ఆడదండీ. బండిని నీడలోకి తీసుకెళ్ళాలి గానీ, మూత పెట్టకూడదు," అని మెల్లగా చెప్పి, పాప మెడ వెనక తడి గుడ్డ అద్ది, అట్టముక్కతో విసిరింది. కాసేపటికి ఆ పాప కాళ్ళాడించింది.

"మీరు కూడా దుప్పటి కప్పేవారా?" అంది నా వైపు తిరిగి.

"నాకింకా పిల్లల్లేరు."

"అడిగింది అది కాదు."

"పెళ్ళి కూడా కాలేదు."

"అదీ అడగలేదు," అంది గానీ, వెళ్ళేటప్పుడు రెండు గుడ్డలు ఎక్కువ ఇచ్చి వెళ్ళింది.

ఇంకోరోజు ఒక పిల్లాడు క్యూలో కింద పడి దొర్లి ఏడుస్తున్నాడు. తండ్రి వాణ్ణి మొండివాడని తిడుతున్నాడు. ఆమె వాడి నుదురు తాకి, నీడలోకి తీసుకెళ్ళి, గుక్క గుక్కగా నీళ్ళు పట్టించింది. పది నిమిషాల్లో వాడు బొమ్మలాంటి పిల్లాడైపోయాడు. "పిల్లలు వేడిగా ఉందని చెప్పరు. విసుక్కుంటారు. మీద పడి కొడతారు. లోపల ఏముందో పెద్దవాళ్ళే కనిపెట్టాలి," అంది నాతో.

నేనూ పొద్దున్నుంచీ విసుక్కుంటూనే ఉన్నాను. నన్ను మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.

ఆ ఆదివారం మా అక్క, నాలుగేళ్ళ నా మేనకోడల్ని తీసుకొచ్చింది. క్యూ గేటు దాకా సాగింది. సూపర్‌వైజర్ గారు వాకీటాకీలో జోరీగలా మోగుతున్నారు. "గంటకు పది రౌండ్లు పడాల్సింది ఏడే పడుతున్నాయి. ఏం చేస్తున్నావ్ బొంగరం?"

తొందరలో నేను నోళ్ళు తెరిపించడం మానేశాను. "తాగావా?" అంటే "తాగా" అనేవాళ్ళు. చుక్క పెట్టి ఎక్కించేవాణ్ణి. మేనకోడలి దగ్గర ఆ మాత్రం కూడా అడగలేదు. దానికి నీళ్ళు అక్కర్లేదు, చుక్కలు కావాలి.

"మావయ్యా, ఇంకో చుక్క. ఇక్కడ. పువ్వులాగా."

పెట్టాను. ముద్దొచ్చి ఇంకోటీ పెట్టాను. రౌండుకోటి కాదు, అడిగినన్ని. మావయ్య రైలు కదా అని దిగనే లేదది. అక్క నీడలో కూర్చుని, మావయ్య దగ్గరుంది కదా అని ధీమాగా ఉంది.

ఐదో రౌండు తర్వాత దాన్ని దింపుతుంటే నా చేతుల్లో వాలిపోయింది. ఒళ్ళు పెనంలా ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. నా భుజం మీద వాంతి చేసుకుంది.

ఎలా పరిగెత్తానో తెలీదు. ఫస్ట్ ఎయిడ్ గదిలో బల్ల మీద పడుకోబెట్టగానే నర్సు దాని ముంజేయి పట్టుకుని పట్టీ చూసింది. చుక్కలు లెక్కపెట్టి ఆగిపోయింది.

"పదకొండు. నీళ్ళు బాగానే పడ్డాయే. అయితే ఇది ఎండ కాకపోవచ్చు," అని అక్క వైపు తిరిగింది. "పొద్దున్న ఏం తింది? ఇంట్లో ఎవరికైనా జ్వరముందా? ఇదివరకు ఎప్పుడైనా ఇలా..."

అక్క ఏడుస్తూ గుర్తు చేసుకుంటోంది. అప్పుడే సూపర్‌వైజర్ గారు కూడా లోపలికొచ్చారు. ఆమె తప్పు దారిలో వెతుకుతోంది, ఆ దారి చూపించింది నేను.

"ఆ చుక్కలు నీళ్ళవి కావు," అన్నాను. "అది ఒక్క గుక్క కూడా తాగలేదు. అడిగిందని ఊరికే పెట్టాను."

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. అంతే. మరుక్షణం గౌను గుండీలు విప్పి, ఒళ్ళంతా తడిపి, మెడ దగ్గర, చంకల కింద తడి గుడ్డలు పెట్టి, ఫ్యాను ఇటు తిప్పమంది. సూపర్‌వైజర్ గారిని డాక్టరుకు ఫోన్ చెయ్యమంది. నేను అట్టముక్కతో విసురుతూనే ఉన్నాను. చెయ్యి ఆపితే ఏమైపోతుందో అని ఆపలేదు.

ఇరవై నిమిషాలకు మేనకోడలు కళ్ళు బాగా తెరిచి, "రైలేది?" అంది. చెంచాతో నీళ్ళిస్తే తాగింది. డాక్టరు వచ్చి చూసి, గండం గడిచిందన్నారు. అక్క దాన్ని గుండెకు హత్తుకుని బయటికి తీసుకెళ్ళింది.

గదిలో మేమిద్దరమే మిగిలాం. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"పెన్ను," అంది చెయ్యి చాపి.

ఇచ్చాను. మూత మీద నా పళ్ళ గాట్లున్నాయి. దాన్ని చూడకుండానే కోటు జేబులో వేసుకుంది.

మర్నాటి నుంచి చుక్కలు పెట్టే పని టిక్కెట్లు చింపే పెద్దాయనకు పడింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్కళ్ళ నోట్లోకీ దంతవైద్యుడిలా తొంగి చూసేవారు. గుడ్డలు కూడా ఆయనే తెచ్చేవారు. ఆమె నా ప్లాట్‌ఫాం వైపు రావడం మానేసింది. నేను ఆ దారి వైపు చూడటం మాత్రం మానలేకపోయాను. రాత్రిళ్ళు కునుకు పట్టేది కాదు, పగళ్ళు కాలు నిలిచేది కాదు. సిగ్నల్ పడకముందే బ్రేకు తీసేవాణ్ణి. అమ్మ అన్నం పెడితే కంచం ముందునుంచి మూడుసార్లు లేచేవాణ్ణి.

పెద్దాయన ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, "సెలవులు అయిపోతున్నాయి బాబూ. ఆ అమ్మాయికి ఈ ఆదివారమే ఆఖరు. పెద్దాసుపత్రిలో పిల్లల వార్డులో చేరుతోందట," అన్నారు.

ఐదు రోజులుంది. ఐదు రోజుల్లో ఆమె నన్ను మళ్ళీ నమ్మాలి. క్షమించమని అడిగితే క్షమిస్తుందేమో గానీ నమ్మదు. ఆమె నమ్మేది చెయ్యి ఆనించి చూసినదాన్నే.

ఆ మధ్యాహ్నం సొరంగంలో ఉండగా కరెంటు పోయి రైలు ఆగిపోయింది. చీకటి, చల్లదనం, పైనుంచి సన్నటి గాలి. ఎప్పుడూ నలభై సెకన్లలో దాటిపోయే చోటది. పార్కు మొత్తంలో ఇంత చల్లటి చోటు ఇంకోటి లేదని ఆరోజే తెలిసింది, ఎందుకంటే నేనక్కడ ఎప్పుడూ ఆగలేదు. ఏడుస్తారనుకున్న పిల్లలు కిక్కురుమనలేదు. వెనకనుంచి ఒక బుల్లి గొంతు అడిగింది.

"అంకుల్, ఇంజనుకు దాహమేసిందా?"

నా బుర్రలో దీపం వెలిగింది.

మర్నాడు ఇంజను నవ్వు మొహం మధ్యలో ఒక గరాటు బిగించాను. దాని కింద ఒక డబ్బా పెట్టాను. నీళ్ళ క్యాను, కాగితం గ్లాసులు నా సీటు పక్కన పెట్టుకున్నాను. సొరంగం మధ్యలో రైలు ఆపి దిగాను.

"ఇంజను ఆగిపోయింది. దాహమంట. కానీ దీనికి సిగ్గు. ఒక్కతే తాగదు. మీరు తాగితేనే తాగుతుంది."

అంతే. తల్లులు బతిమాలినా మూతి తిప్పుకునే పిల్లలు గడగడా తాగేశారు. నేను ప్రతి పెట్టె దగ్గరికీ వెళ్ళి నోరు తెరిపించాను. ఆ అన్నాక, మెడలు తడి గుడ్డతో తుడిచాను. చివర్న గరాటులో ఒక గ్లాసు పోస్తే లోపల గుడగుడమని చప్పుడైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అన్నీ కలిపి రెండు నిమిషాల పైమాటే.

"రైలెందుకు ఆగింది?" వాకీటాకీ అరిచింది.

"నీళ్ళు తాగుతున్నాం సార్."

"రౌండ్లు ఆరుకు పడిపోతాయిరా."

"పడతాయి సార్. కావాలంటే ఇంకొకళ్ళని పెట్టుకోండి. నేను నడిపితే మాత్రం ఆగుతుంది."

ఆయన గుర్రుమని వాకీటాకీ కట్టేశారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు నేను. పెద్దాయన చుక్క ఎలాగూ పెడుతున్నారు, ఇది దాని మీద ఇంకో గ్లాసు. బుధ, గురు, శుక్ర, శని. నా రైలు దిగిన పిల్లల్లో ఒక్కరు కూడా ఫస్ట్ ఎయిడ్ గది మెట్లెక్కలేదు. ఆమె కూడా ఆ మెట్లు దిగి రాలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగున్నర అయినా ఎండ తగ్గలేదు. నా చూపు ఆ దారి మీదే ఉంది. మొదట మా అక్క కనిపించింది. పక్కన మేనకోడలు. మేనకోడలి చెయ్యి పట్టుకుని తెల్ల కోటు.

"నీ కోసం రాలేదు," అంది అక్క ముందే. "దీని ఒంట్లో ఎలా ఉందో చూపించడానికి వచ్చాను. ఇది నర్సక్కని కూడా రైలెక్కించాలని పట్టుబట్టింది."

"మీ రైలు పిల్లలు నాలుగు రోజులుగా నా దగ్గరికి రావట్లేదు," అంది నర్సు, నన్ను కాక ఇంజనును చూస్తూ. "ఎందుకో చూద్దామని." మొదటి పెట్టెలో సీటు మీద చెయ్యి ఆనించి, పైకే ఐదు దాకా లెక్కపెట్టి, మేనకోడల్ని పక్కన పెట్టుకుని కూర్చుంది. అక్క చివరి పెట్టెలో ఎక్కింది.

సొరంగంలో రైలు ఆపాను. "ఇంజనుకు దాహమేసింది," అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే పాత పిల్లలు కొత్త పిల్లలకు గ్లాసులు అందించేస్తున్నారు. ఆమెకూ ఒకటి అందింది. తాగింది. నేను చివరి పెట్టె నుంచి ఒక్కొక్క నోరూ చూసుకుంటూ ముందుకొచ్చాను. మేనకోడలు రెండు గ్లాసులు తాగి గుహలా నోరు తెరిచింది. తర్వాత ఆమె. ఆమెను దాటి ఇంజను వైపు నడవబోయాను.

"నర్సక్కని కూడా చూడు మావయ్యా. మింగిందో లేదో," అంది మేనకోడలు.

"నోరు తెరవండి," అన్నాను.

"ఆ," అంది బుద్ధిగా. తర్వాత ముంజేయి చాపింది. దాని మీద కాగితం పట్టీ ఉంది. "చుక్క?"

"నా దగ్గర పెన్ను లేదండీ."

ఆమె కోటు జేబులోంచి తీసిచ్చింది. మూత మీద పళ్ళ గాట్లు.

"పెద్దాయనకు వేరే పెన్ను ఇచ్చాను," అంది. "ఆ రోజు మీరు చెప్పకపోయుంటే నేను జ్వరానికి మందు వెతుకుతూ కూర్చునేదాన్ని. అబద్ధపు చుక్కలు పెట్టినందుకు కోపమొచ్చింది. అందరి ముందూ ఒప్పుకున్నందుకు ఆ కోపం నిలవలేదు. రెండూ కలిసి నన్ను ఇటు రానివ్వలేదు."

"చుక్క పెట్టే ముందు నిజం చెప్పాలిగా," అన్నాను. "మీరు వెళ్ళిపోతున్నారని విన్నప్పట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవట్లేదు."

"అంతకుముందు నిలిచేదా?"

"లేదు. అప్పుడు ఊరికే తిరిగేవాణ్ణి. ఇప్పుడు ఎటు తిరిగినా మీ గది వైపే తిరుగుతున్నాను. మీరంటే నాకు ఇష్టం. చాలా."

ఆమె గ్లాసును చేతిలో నలిపింది.

"నేను ఈ వారంలో ఐసు డబ్బా మూత రెండుసార్లు విరగ్గొట్టాను. పెద్దాయన మీద నాలుగుసార్లు విసుక్కున్నాను. నా లోపల ఏముందో కనిపెట్టేవాళ్ళెవరూ లేక," అని తలెత్తింది. "ఆదివారాలు రెండింటికి నా డ్యూటీ అయిపోతుంది. ఆసుపత్రి గేటు దగ్గర నీడ లేదు. నీళ్ళు తాగి రా. వచ్చాక నోరు తెరిపించి చూస్తాను."

చివరి పెట్టెలోంచి అక్క గొంతు వినిపించింది. "అమ్మతో నేను మాట్లాడతాలే తమ్ముడూ. నువ్వు ఆ చుక్క ఏదో పెట్టు."

ఆమె ముంజేయి పట్టుకుని నీలం చుక్క పెట్టాను. వాకీటాకీ మోగింది.

"బొంగరం, రైలెందుకు కదల్లేదు?"

గరాటులో ఇంకా నీళ్ళు పొయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా ఆ చెయ్యి వదిలి వెళ్ళబుద్ధి కాలేదు.

"ఇంజను ఇంకా తాగలేదు సార్," అన్నాను. "ఇంకో రెండు నిమిషాలు."